రూట్ లేకుండా లినక్స్‌లో కంటైనర్లు: పాడ్‌మ్యాన్ ఇన్‌స్టాల్ నుంచి రీబూట్ పరీక్ష దాకా

ఒక ప్రోగ్రామ్‌ని మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచి నడిపే ఏర్పాటును కంటైనర్ అంటారు. లినక్స్‌లో వీటిని మొదలుపెట్టేవాళ్లు చాలామంది మొదటి రోజే ఒక పని చేస్తారు. కంటైనర్లు నడిపే డాకర్ ప్రోగ్రామ్‌ని ఇన్‌స్టాల్ చేస్తారు, ప్రతిసారీ సుడో (రూట్ హక్కులతో కమాండ్ నడిపే మార్గం) కొట్టడం విసుగనిపించి తమ యూజర్‌ని డాకర్ గ్రూపులో కలిపేస్తారు. అక్కడితో సుడో బాధ తీరిపోతుంది, నిజమే. కానీ డాకర్ డీమన్, అంటే వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే దాని ప్రోగ్రామ్, మామూలుగా రూట్ హక్కులతో, అంటే మెషీన్ మీద పూర్తి అధికారంతో నడుస్తుంది. ఆ గ్రూపులో ఉన్నవాళ్లు మెషీన్ మొత్తం ఫైల్ సిస్టమ్‌ని ఒక కంటైనర్‌లోకి మౌంట్ చేసుకుని ఏదైనా మార్చేయగలరు. అంటే ఇంటి తాళాల గుత్తి చేతికి ఇచ్చినట్టే. డాకర్‌లో కూడా రూట్ లేకుండా నడిపే పద్ధతి ఉంది. అయితే దాన్ని విడిగా ఏర్పాటు చేసుకోవాలి. డాకర్ లాంటిదే ఇంకో ప్రోగ్రామ్ పాడ్‌మ్యాన్. అందులో అయితే మామూలు యూజర్‌గా నడపడమే అసలు దారి. వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే డీమన్ కూడా ఉండదు. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను పాడ్‌మ్యాన్‌తోనే మొదలుపెట్టమంటాను. కమాండ్లు దాదాపు డాకర్‌వే కాబట్టి రేపు అటు వెళ్లినా నేర్చుకున్నది వృథా పోదు.

ఒక మాట ముందే చెబుతాను. ఈ వ్యాసంలో కమాండ్లను మనం పలికే తీరులో తెలుగులోనే రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో టైప్ చేయండి. పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను. చుక్కలు, గీతలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే.

మొదట మీ సిస్టమ్ చూసుకోండి

కంటైనర్ అంటే లోపల ఇంకో కంప్యూటర్ ఉందనుకుంటాం. కానీ దానికి సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉండదు. మీ కెర్నలే మీ ప్రాసెస్‌కి వేరే ఫైల్ సిస్టమ్, వేరే నెట్‌వర్క్, వేరే యూజర్ నంబర్లు చూపిస్తుంది. ఈ చూపించే ఏర్పాటును నేమ్‌స్పేస్ అంటారు. ఎవరికి ఎంత మెమరీ, ఎంత సీపీయూ అని లెక్క చూసేది సీగ్రూప్. ఇది 2008లో వచ్చిన 2.6.24 కెర్నల్‌తో లినక్స్‌లో చేరింది. రూట్ కాని మామూలు యూజర్ కూడా కంటైనర్ సృష్టించడానికి కావాల్సిన యూజర్ నేమ్‌స్పేస్ 2013లో 3.8 కెర్నల్‌తో వాడకానికి వచ్చింది. అంటే ఈ మొత్తం పని మీ కెర్నల్ మీదే ఆధారపడి ఉంది. కాబట్టి ముందు దాని వెర్షన్ చూడండి:

యూనేమ్ -ఆర్

5.11 గానీ అంతకంటే కొత్తది గానీ ఉంటే మంచిది. ఆ వెర్షన్ నుంచి మామూలు యూజర్ కూడా ఫైళ్లను పొరలు పొరలుగా పేర్చి చూపే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్‌ని నేరుగా మౌంట్ చేయగలడు. పాత కెర్నల్ అయితే ఫ్యూజ్-ఓవర్‌లేఎఫ్ఎస్ అనే ప్యాకేజీ కావాలి. పని జరుగుతుంది గానీ నిదానం.

ఇన్‌స్టాల్

ఇది చిన్న పని. ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లు:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పాడ్‌మ్యాన్

ఫెడోరాలో ఆప్ట్ బదులు డీఎన్ఎఫ్, ఓపెన్‌సూసెలో జిప్పర్. ఆర్చ్‌లో సుడో ప్యాక్‌మ్యాన్ -ఎస్ పాడ్‌మ్యాన్, ఆ ఎస్ పెద్దక్షరం. డెబియన్ 11 నుంచి, ఉబుంటు 20.10 నుంచి పాడ్‌మ్యాన్ డిస్ట్రో రిపాజిటరీలోనే ఉంది. ఎక్కడెక్కడి నుంచో కీలు, రిపోలు తెచ్చి కలపాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. సర్వర్ తేలిగ్గా ఉండాలని కొందరు ఆప్ట్‌కి నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ అనే ఆప్షన్ ఇస్తారు. అలా చేస్తే యూఐడీమ్యాప్ ప్యాకేజీ, నెట్‌వర్క్‌కి కావాల్సిన చిన్న ప్రోగ్రాములు రాకపోవచ్చు. తర్వాత వచ్చే ఎర్రర్లు చూస్తే అసలు కారణం ఇదని తట్టనే తట్టదు. ఆ ఆప్షన్ ఇవ్వకండి.

ఇన్‌స్టాల్ అయ్యాక సుడో లేకుండా ఇది కొట్టండి:

పాడ్‌మ్యాన్ ఇన్ఫో

చాలా పొడవైన జాబితా వస్తుంది. అందులో మూడే చూడండి. రూట్‌లెస్ అన్నచోట ట్రూ ఉండాలి. సీగ్రూప్ వెర్షన్ అన్నచోట వీ2 ఉండాలి. వీ1 ఉంటే మామూలు యూజర్‌గా కంటైనర్‌కి మెమరీ పరిమితి పెట్టలేరు. గ్రాఫ్‌రూట్ అన్నచోట మీ హోమ్ ఫోల్డర్‌లోని ఒక దారి కనిపిస్తుంది. ఇమేజ్‌లన్నీ, అంటే కంటైనర్లు తయారయ్యే ఫైళ్ల మూటలన్నీ, చేరేది అక్కడే. మీ హోమ్ నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఉంటే ఈ స్టోరేజ్ సరిగ్గా పనిచేయదు, లోకల్ డిస్క్‌లోకి మార్చుకోండి.

నంబర్ల సంగతి

రూట్‌లెస్ కంటైనర్లలో జనం ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. కంటైనర్ లోపల రూట్ ఉంటాడు, ఇంకా చాలామంది యూజర్లు ఉంటారు. బయట మీరు ఒక్కరే. మరి లోపలి ఇంతమందికి బయట నంబర్లు ఎక్కడి నుంచి వస్తాయి? /ఈటీసీ/సబ్‌యూఐడీ, /ఈటీసీ/సబ్‌జీఐడీ అనే రెండు ఫైళ్లలో మీ పేరు మీద కొన్ని నంబర్లు రాసి పెట్టి ఉంటాయి. ఇలా చూడొచ్చు:

క్యాట్ /ఈటీసీ/సబ్‌యూఐడీ

మీ యూజర్ పేరు, ఆ పక్కన :100000:65536 అని కనిపిస్తే 100000 నుంచి మొదలుపెట్టి 65,536 నంబర్లు మీవని అర్థం. ఇన్‌స్టాలర్‌తో గానీ యాడ్‌యూజర్‌తో గానీ చేసిన యూజర్లకు ఈ వరస సాధారణంగా తనంతట తనే వస్తుంది. వేరే పద్ధతిలో చేసిన యూజర్లకు, ఆఫీసు లాగిన్ సర్వర్ నుంచి వచ్చే యూజర్లకు చాలాసార్లు ఉండదు. లేకపోతే:

సుడో యూజర్‌మాడ్ --యాడ్-సబ్‌యూఐడీస్ 100000-165535 --యాడ్-సబ్‌జీఐడీస్ 100000-165535 మీయూజర్‌పేరు
పాడ్‌మ్యాన్ సిస్టమ్ మైగ్రేట్

రెండో కమాండ్ మర్చిపోకండి, అది లేకుండా పాడ్‌మ్యాన్ పాత లెక్కనే పట్టుకుని కూర్చుంటుంది. మెషీన్‌లో ఇంకో యూజర్‌కి ఇప్పటికే 100000 వరస ఇచ్చి ఉంటే మీరు 165536 నుంచి మొదలుపెట్టాలి. ఇద్దరి వరసలు కలిస్తే ఒకరి కంటైనర్ ఫైళ్లు ఇంకొకరి చేతికి అందుతాయి.

మొదటి కంటైనర్

పాడ్‌మ్యాన్ రన్ --ఆర్ఎం డాకర్.ఐఓ/లైబ్రరీ/ఆల్పైన్ ఎకో నమస్తే

ఆల్పైన్ ఇమేజ్ 10 ఎంబీ కూడా ఉండదు, క్షణాల్లో దిగుతుంది. తెర మీద నమస్తే అని కనిపిస్తే మీ ఏర్పాటు పనిచేస్తున్నట్టే. --ఆర్ఎం అంటే పని అయిపోగానే కంటైనర్‌ని తీసేయమని.

ఇమేజ్ పేరు అంత పొడుగ్గా ఎందుకు, ఉత్త ఆల్పైన్ అంటే చాలదా అని అడుగుతారు. ఆల్పైన్ లాంటి బాగా తెలిసిన కొన్ని పేర్లకు చాలొచ్చు. మిగతా చిన్న పేర్లకు చాలా మెషీన్లలో చాలదు, ఏ రిజిస్ట్రీ (ఇమేజ్‌లు ఉంచే సర్వర్) నుంచి తేవాలో తెలియక ఎర్రర్ ఇస్తుంది. /ఈటీసీ/కంటైనర్స్ ఫోల్డర్‌లోని రిజిస్ట్రీస్.కాన్ఫ్ ఫైల్‌లో డాకర్.ఐఓ అని చేరిస్తే చిన్న పేరు కూడా నడుస్తుంది. అయినా నేను పూర్తి పేరే రాస్తాను. జాబితాలో రెండు మూడు రిజిస్ట్రీలు ఉంటే, మీరు అనుకున్నది ఒకటి, అదే పేరుతో వేరే ఎవరో పెట్టినది ఇంకొకటి దిగే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఐదు నిమిషాలు పట్టదు. ఇంతసేపూ చెప్పిన నంబర్ల సంగతి కళ్లారా చూడొచ్చు.

పాడ్‌మ్యాన్ రన్ -డి --నేమ్ నిద్ర డాకర్.ఐఓ/లైబ్రరీ/ఆల్పైన్ స్లీప్ 600
పాడ్‌మ్యాన్ ఎగ్జెక్ నిద్ర ఐడీ

యూఐడీ=0, రూట్ అని వస్తుంది. లోపల అది రాజే. ఇప్పుడు మీ మెషీన్ ప్రాసెస్‌ల జాబితాలో వెతకండి:

పీఎస్ ఏయూఎక్స్ | గ్రెప్ స్లీప్

అదే స్లీప్ 600 మీ జాబితాలో కనిపిస్తుంది, యజమాని పేరు దగ్గర మీ పేరే ఉంటుంది. లోపలి రూట్ బయట మీరే. ఆ ప్రోగ్రామ్ కంటైనర్ గోడ దూకి బయటికి వచ్చినా మీ యూజర్‌కి ఉన్న హక్కుల కంటే ఎక్కువ దొరకవు. తాళాల గుత్తి ఇవ్వకుండా పని చేయించుకోవడం అంటే ఇదే.

మరి లోపల రూట్ కానివాళ్ల సంగతి? లోపలి 1వ నంబర్ బయట 100000 అవుతుంది, 2వది 100001. ఉదాహరణకు లోపల 999 నంబర్‌తో నడిచే డేటాబేస్ మీ ఫోల్డర్‌లో ఫైల్ రాస్తే, బయట ఎల్ఎస్ -ఎల్ కొట్టినప్పుడు యజమాని పేరు దగ్గర 100998 అనే అంకె కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు కంగారు పడి సుడో చోన్‌తో ఆ ఫైళ్లన్నీ తమ పేరు మీదకి మార్చేస్తారు. మరుక్షణం డేటాబేస్ పర్మిషన్ డినైడ్ అంటూ ఆగిపోతుంది. ఆ అంకె తప్పు కాదు, అలాగే ఉండాలి. నిజంగా మార్చాల్సి వస్తే లోపలి నంబర్‌తోనే మార్చండి:

పాడ్‌మ్యాన్ అన్‌షేర్ చోన్ -ఆర్ 999:999 ఫోల్డర్‌పేరు

ఇందులో -ఆర్ పెద్దక్షరం. అన్‌షేర్ మిమ్మల్ని కంటైనర్ చూసే నంబర్ల లోకంలోకి తీసుకెళ్లి ఆ కమాండ్ నడుపుతుంది. సుడో అవసరమే రాదు.

పనికొచ్చే కంటైనర్: ఒక వెబ్ పేజీ

హోమ్‌లో సైట్ అనే ఫోల్డర్ చేసి, అందులో ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ ఫైల్ ఒకటి పెట్టండి. తర్వాత:

పాడ్‌మ్యాన్ రన్ -డి --నేమ్ వెబ్ -పి 127.0.0.1:8080:80 -వి ~/సైట్:/యూఎస్ఆర్/షేర్/ఎంజిన్ఎక్స్/హెచ్‌టీఎంఎల్:ఆర్ఓ,జెడ్ డాకర్.ఐఓ/లైబ్రరీ/ఎంజిన్ఎక్స్:స్టేబుల్

బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:8080 తెరిస్తే మీ పేజీ వస్తుంది. ఈ కమాండ్‌లో ప్రతి ముక్కా ఎందుకుందో తెలియాలి.

8080 మీ మెషీన్ పోర్టు, 80 కంటైనర్ లోపలిది. ముందున్న 127.0.0.1 వల్ల ఈ మెషీన్ నుంచి మాత్రమే తెరుచుకుంటుంది. అది తీసేస్తే అన్ని నెట్‌వర్క్‌ల మీదా వింటుంది. పరీక్షిస్తున్నంతకాలం ఉంచండి. నేరుగా 80వ పోర్టే కావాలంటే మామూలు యూజర్‌కి కుదరదు, 1024 కంటే తక్కువ పోర్టులను కెర్నల్ రూట్‌కి మాత్రమే ఇస్తుంది. ఆ హద్దును సిస్‌సీటీఎల్‌లోని నెట్.ఐపీవీ4.ఐపీ_అన్‌ప్రివిలేజ్డ్_పోర్ట్_స్టార్ట్ అనే విలువతో 80కి దించొచ్చు. రీబూట్ తర్వాత కూడా నిలవాలంటే /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డి లో ఒక ఫైల్‌గా రాయాలి.

ఆర్ఓ అంటే కంటైనర్ ఆ ఫోల్డర్‌ని చదవగలదు, రాయలేదు. వెబ్ పేజీలకి అంతే చాలు. జెడ్ ఇక్కడ పెద్దక్షరం. ఫెడోరా లాంటి, ఎస్ఈలినక్స్ అనే అదనపు భద్రత ఉన్న సిస్టమ్‌లలో ఇది లేకపోతే పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా 403 ఫర్బిడెన్ వస్తుంది. అది ఆ ఫోల్డర్‌కి ఈ కంటైనర్ ముద్ర వేస్తుంది. అందుకే మీ హోమ్ మొత్తానికి ఎప్పుడూ పెద్ద జెడ్ పెట్టకండి, అన్నిటి ముద్రా మారిపోయి లాగిన్ కూడా ఇబ్బంది పెట్టొచ్చు. ఎప్పుడూ ఒక చిన్న ఫోల్డర్‌కే.

చివర లేటెస్ట్ అని కాకుండా స్టేబుల్ అని రాశాం. లేటెస్ట్ అంటే ఏ రోజు ఏది దిగుతుందో చెప్పలేం. డేటాబేస్ అయితే ఇంకా కచ్చితంగా వెర్షన్ నంబరే రాయండి. పెద్ద వెర్షన్ మారితే పాత డేటా తెరుచుకోకపోవచ్చు.

ఇది నడవకపోతే ముందు పాడ్‌మ్యాన్ పీఎస్ -ఏ, తర్వాత పాడ్‌మ్యాన్ లాగ్స్ వెబ్. తొంభై పాళ్లు జవాబు లాగ్స్‌లోనే ఉంటుంది. కంటైనర్ 137 అనే కోడ్‌తో ఆగి ఉంటే దాన్ని బలవంతంగా చంపేశారని అర్థం, చాలాసార్లు మెమరీ చాలకే. 127 అయితే మీరు నడపమన్న ప్రోగ్రామ్ ఆ ఇమేజ్‌లో లేదు.

లాగౌట్ అయినా ఆగకుండా

ఇక్కడ నేను పడ్డ అవస్థ చెప్పాలి. ఒకరి కోసం చిన్న సర్వర్‌లో సైట్ పెట్టి, అన్నీ చూసుకుని రాత్రి పడుకున్నాను. పొద్దున్నే ఫోన్, సైట్ తెరుచుకోవట్లేదని. లాగిన్ అయి చూస్తే చక్కగా నడుస్తోంది. బానే ఉంది కదా అని చెప్పి బయటికి వచ్చాను. పది నిమిషాలకి మళ్లీ ఫోన్. మళ్లీ లాగిన్ అయ్యాను, మళ్లీ బానే ఉంది. నాలుగుసార్లు ఇదే వరస, టెన్షన్‌తో టీ కూడా తాగలేదు. చివరికి లాగ్స్‌లో టైములు చూస్తే అర్థమైంది. నేను లాగిన్ అయినప్పుడల్లా కంటైనర్ మొదలవుతోంది, లాగౌట్ కాగానే ఆగిపోతోంది. మామూలు యూజర్ చివరి సెషన్ ముగిస్తే, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఆ యూజర్ సర్వీసులన్నిటినీ మూసేస్తుంది. దాని పని అది సరిగ్గానే చేసింది, ఉంచమని నేను చెప్పలేదు. చెప్పే కమాండ్ ఇదొక్కటే:

లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్

సర్వర్ ఏదైనా సరే, పాడ్‌మ్యాన్ ఇన్‌స్టాల్ చేసిన వెంటనే ఇది కొట్టేయండి. తర్వాత /వార్/లిబ్/సిస్టమ్‌డీ/లింగర్ ఫోల్డర్‌లో మీ పేరుతో ఒక ఖాళీ ఫైల్ ఉంటే అది పనిచేసినట్టు.

లింగర్ ఒక్కటే సరిపోదు. డీమన్ లేదు కాబట్టి మెషీన్ రీబూట్ అయ్యాక కంటైనర్‌ని ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. ఆ పని సిస్టమ్‌డీకి అప్పగిస్తాం. 2023లో వచ్చిన పాడ్‌మ్యాన్ 4.4 నుంచి దీనికి క్వాడ్‌లెట్ అనే సులువైన దారి ఉంది. పాడ్‌మ్యాన్ --వెర్షన్ కొట్టి మీది చూసుకోండి. ఉబుంటు 24.04లో 4.9 ఉంది కాబట్టి సరిపోతుంది. డెబియన్ 12లో 4.3 ఉంది, అందులో క్వాడ్‌లెట్ లేదు. అక్కడ పాడ్‌మ్యాన్ జనరేట్ సిస్టమ్‌డీ అనే పాత కమాండ్ వాడాలి.

ముందు చేత్తో నడిపిన కంటైనర్‌ని తీసేయండి, లేకపోతే పోర్టు దగ్గర గొడవ వస్తుంది:

పాడ్‌మ్యాన్ ఆర్ఎం -ఎఫ్ వెబ్

ఇప్పుడు హోమ్‌లో .కాన్ఫిగ్/కంటైనర్స్/సిస్టమ్‌డీ అనే ఫోల్డర్ చేసి, అందులో వెబ్.కంటైనర్ అనే ఫైల్ రాయండి:

[కంటైనర్]
ఇమేజ్=డాకర్.ఐఓ/లైబ్రరీ/ఎంజిన్ఎక్స్:స్టేబుల్
పబ్లిష్‌పోర్ట్=127.0.0.1:8080:80
వాల్యూమ్=%హెచ్/సైట్:/యూఎస్ఆర్/షేర్/ఎంజిన్ఎక్స్/హెచ్‌టీఎంఎల్:ఆర్ఓ,జెడ్

[సర్వీస్]
రీస్టార్ట్=ఆల్వేస్

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=డిఫాల్ట్.టార్గెట్

బ్రాకెట్లలోని పేర్లకీ, సమానం గుర్తుకి ఎడమవైపున్న పేర్లకీ మొదటి అక్షరం పెద్దది. పబ్లిష్‌పోర్ట్, వాంటెడ్‌బై రెండేసి మాటలు కలిసినవి, రెండో మాట కూడా పెద్దక్షరంతోనే మొదలవ్వాలి. %హెచ్ చిన్నక్షరం, అది మీ హోమ్ ఫోల్డర్. చివరి జెడ్ ఇక్కడ కూడా పెద్దదే. తర్వాత:

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ డీమన్-రీలోడ్
సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ స్టార్ట్ వెబ్

అలవాటు కొద్దీ ఎనేబుల్ కూడా కొడతారు, ఈ యూనిట్ జనరేటెడ్ అంటూ ఎర్రర్ వస్తుంది. పట్టించుకోకండి. ఇన్‌స్టాల్ భాగంలో మనం రాసిన లైనే ఆ పని చేస్తుంది. స్టార్ట్ కొట్టినప్పుడు యూనిట్ కనబడలేదని వస్తే మాత్రం ఫైల్‌లో ఎక్కడో అక్షరం తప్పింది. ఇంకో రకం ఎర్రర్ ఉంది, బస్‌కి కనెక్ట్ కాలేకపోతున్నానని. ఎస్‌యూ కమాండ్‌తో యూజర్ మారినప్పుడు వస్తుంది. ఆ యూజర్‌గా నేరుగా ఎస్ఎస్‌హెచ్‌లో లాగిన్ అయితే పోతుంది.

ఇమేజ్‌లు పాతబడటం గురించి రెండు మాటలు. కంటైనర్ లోపలి సాఫ్ట్‌వేర్‌కి మీ ఆప్ట్ అప్‌గ్రేడ్ సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వదు. కొత్త ఇమేజ్ దింపుకోవాల్సిందే. వెబ్.కంటైనర్‌లో ఆటోఅప్‌డేట్=రిజిస్ట్రీ అని ఒక లైన్ చేర్చి (ఆటో, అప్‌డేట్ రెండు మాటలకీ మొదటి అక్షరం పెద్దది) డీమన్-రీలోడ్ చేసి, సర్వీసుని రీస్టార్ట్ చేశాక, పాడ్‌మ్యాన్ ఆటో-అప్‌డేట్ కొడితే కొత్తది ఉంటే తెచ్చి తనే మళ్లీ మొదలుపెడుతుంది. వెబ్ సర్వర్లకి నేను ఇది వాడతాను. డేటాబేస్‌కి వాడను. బ్యాకప్ తీసుకున్నాకే చేత్తో మారుస్తాను. అప్‌డేట్ల తర్వాత పాత ఇమేజ్‌లు డిస్క్‌లో పేరుకుపోతాయి. పాడ్‌మ్యాన్ సిస్టమ్ డీఎఫ్ తో ఎంత తిన్నాయో చూసి, పాడ్‌మ్యాన్ ఇమేజ్ ప్రూన్ తో తీసేయండి. పాడ్‌మ్యాన్ సిస్టమ్ రీసెట్ జోలికి మాత్రం వెళ్లకండి, అది కంటైనర్ల డేటా దాచే వాల్యూమ్‌లతో సహా మొత్తం తుడిచేస్తుంది.

అంతా అయ్యాక సుడో రీబూట్ కొట్టండి. మెషీన్ లేచాక లాగిన్ అవ్వకండి. 127.0.0.1 ఉంచినవాళ్లు పరీక్ష కోసం ముందే దాన్ని తీసేసి, డీమన్-రీలోడ్, రీస్టార్ట్ రెండూ చేసి, ఫైర్‌వాల్‌లో 8080 తెరిచి ఉంచుకోండి. ఇంకో మెషీన్ నుంచి గానీ ఫోన్ నుంచి గానీ పేజీ తెరవండి. మీరు లోపలికి వెళ్లకుండానే పేజీ వస్తే లింగర్, క్వాడ్‌లెట్, పోర్టు, మౌంట్ అన్నీ కుదిరినట్టే. పరీక్ష అయిపోగానే ఆ 127.0.0.1 మళ్లీ పెట్టేయండి.